పుల్లమ్మ చీటీ

రెండు వారాల్లో పుల్లమ్మ రక్తం మూడుసార్లు గ్రూపు మారింది.

మార్చి ఒకటిన ఏబీ పాజిటివ్. ఆరున బీ పాజిటివ్. పదిన ఓ పాజిటివ్. పద్నాలుగున ఓ నెగటివ్. చిలకలూరిపేటలో డాక్టర్ మాధురి క్లినిక్ వెనకగదిలో నిలబడి, ల్యాబు రిజిస్టరు మీద వేలు పెట్టుకుని ఆ నాలుగు వరుసలూ మూడోసారి చదివాను. పేరు అదే, వయసు అదే, ఊరు అదే, చీటీ నంబరు నూట పన్నెండూ అదే. మనిషి ఊరు మారతాడు, పార్టీ మారతాడు. రక్తం గ్రూపు మాత్రం చచ్చేదాకా మారదు. పదిహేనేళ్లు పోలీసు ఉద్యోగం, ఆరేళ్లు ప్రైవేటు డిటెక్టివు పని వెలగబెట్టిన నాకు ఆ మాత్రం తెలుసు.

గోడ గడియారం పది ఇరవై చూపిస్తోంది. 2004 మార్చి పద్దెనిమిది. మూడింటికి బాలస్వామిని కోర్టులో పెడతారు. నా చేతిలో ఉన్నది నాలుగు గంటల నలభై నిమిషాలు.

బాలస్వామి మిరపకోతల ముఠాకి మేస్త్రి. కనిగిరి వైపు నుంచి నలభై ఐదు మంది కూలీలను తెచ్చి నల్లకుంటపాలెంలో బుల్లయ్య అనే రైతు చేలో దించాడు. ఆ ముఠాలో ముగ్గురు ఆడవాళ్లు పోయారు. పదకొండున కోటిరత్నం. ఎండదెబ్బ అనుకుని పూడ్చేశారు. పదిహేనున సైదాబీ, పదహారున రాహేలమ్మ. ముగ్గురికీ ఫిట్స్ వచ్చాయి, నోట్లోంచి నురగ వచ్చింది. వాళ్ల గుడిసెల దగ్గర నీళ్లు పట్టుకునే పాత పురుగుమందు డబ్బా ఒకటి దొరికింది. రాహేలమ్మ మనుషుల్ని వేరే ముఠాలోకి లాగుతోందని మేస్త్రికి ఆమెతో గొడవ కూడా ఉంది. ఇంకేం కావాలి? సి.ఐ. చైతన్యకృష్ణ పదహారు సాయంత్రమే బాలస్వామిని హత్యానేరం కింద లోపలేశాడు, కాగితాల మీద మాత్రం పదిహేడు సాయంత్రమని చూపించాడు.

నన్ను కేసులో పెట్టుకున్నది బాలస్వామి భార్య. ఆమె పేరే పుల్లమ్మ. ఇప్పుడు బయట బల్ల మీద కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుని ఉంది. రాహేలమ్మ మూటలో ఈ క్లినిక్ మందుల పొట్లం దొరికితే, చనిపోయిన ముగ్గురిలో ఒక్కరి పేరైనా ఇక్కడ ఉంటుందని పరుగెత్తుకుంటూ వచ్చాను. ఒక్కరిదీ లేదు. నా క్లయింటు పేరే నాలుగుసార్లుంది.

"గ్రూపు పొరపాటున రాశారా?" అని అడిగాను.

ల్యాబు టెక్నీషియను లిడియా ముప్పై ఏళ్ల మనిషి. నేనేదో తిట్టినట్టు చూసింది. "ఒకసారైతే పొరపాటనుకోవచ్చండి. తేడా వచ్చిన ప్రతిసారీ మళ్లీ చేసి చూశాను."

"మరి డాక్టరుగారికి చెప్పలేదా?"

"చెప్పానండి. రోజుకి నూట ఇరవై మంది వస్తారు. పాత పేషెంటే కదా, గ్రూపు మళ్లీ మళ్లీ ఎందుకు చేస్తావన్నారు."

"నిజమే. ఎందుకు చేశారు?"

"కాగితం మీద ఎనిమిది గళ్లున్నాయండి. ఎనిమిదీ చేస్తాను. చెయ్యకుండా రాయడం నాకు చేతకాదు."

పేషెంటు మొహం చూసి టైఫాయిడ్ రాసే ల్యాబులు నాకు తెలుసు. రక్తం తీసి సింకులో పారబోసి రిపోర్టు ఇచ్చేవాడినొకణ్ణి నేనే పట్టుకున్నాను కూడా. వాళ్ల మధ్య లిడియాది చాదస్తం కింద లెక్క. ఆ చాదస్తానికి నాకు దండం పెట్టాలనిపించింది.

"మిగతా ఏడు గళ్లూ చెప్పండి."

"మలేరియా లేదు. టైఫాయిడ్ లేదు. పురుగుమందు పరీక్ష నార్మల్."

"అదేమిటి?"

"మన చేలల్లో మందు కొడుతూ పడిపోయేవాళ్లు ఎక్కువ కదండీ. మందు ఒంట్లోకి పోతే రక్తంలో ఒక ఎంజైము పడిపోతుంది. కూలీ ఎవరొచ్చినా అది చూడమని డాక్టరుగారి ఆర్డరు. నాలుగుసార్లూ బాగానే ఉంది. తేడా అంతా ప్లేట్‌లెట్లలో. లక్షన్నర ఉండాలి. ఆరున డెబ్బై వేలు, పదిన అరవై, పద్నాలుగున నలభై. తెల్లకణాలు కూడా పడిపోయాయి. మూడుసార్లూ జ్వరం నూట నాలుగు."

పుల్లమ్మని లోపలికి పిలిచాను. లిడియా ఆమె వేలిమీద సూది గుచ్చి, గాజుపలక మీద మూడు చుక్కలు పెట్టి, మందు కలిపి తిప్పింది. రెండు నిమిషాలు పట్టింది.

"ఏబీ పాజిటివ్."

"అయితే ఒకటో తారీఖున వచ్చింది నువ్వు," అన్నాను పుల్లమ్మతో. "ఆరున ఎవరొచ్చారు?"

ఆమె నేల చూసింది.

"పుల్లమ్మా, మూడింటికి నీ మొగుణ్ణి జడ్జి ముందు నిలబెడతారు. ఆరున ఎవరొచ్చారు?"

"నేనే అయ్యా."

"నీ రక్తం నువ్వు కాదంటోంది."

ఆమె గోడకి జారగిలబడి కింద కూర్చుంది. "కోటిరత్నం," అంది.

"పదిన?"

"సైదాబీ. ఆ తర్వాత రాహేలమ్మ. చీటీ నెల దాకా చెల్లుద్దని రాశారు గదయ్యా. మిరప దుమ్ముకి దగ్గొస్తే నేను తీసుకున్నా. ఊరికే పడుంటే ఏం లాభం? మా ముఠాలో ఎప్పుడూ అంతే. ఒకళ్లు చీటీ రాయిస్తే, నెలంతా ఎవరికి బాగోకపోతే వాళ్లు పట్టుకెళ్తారు."

"డాక్టరుగారు పోల్చుకోలేదా?"

"మొహానికి గుడ్డ కట్టుకునేగా కాయలు కోసేది. అట్టాగే వస్తాం. అందరి కళ్లూ ఎర్రగానే ఉంటై."

"ఈ సంగతి పోలీసులకి ఎందుకు చెప్పలేదు?"

దాంతో ఆమె ఏడుపు ఆపుకోలేకపోయింది. "నా చీటీయే చంపిందయ్యా వాళ్లని! నా ఒంటికి రాసిన మందు వాళ్లు మింగారు. నా పేరు చెప్పుకుని మింగారు. మా ఆయనకి అంతా చెప్పా. నోరెత్తొద్దన్నాడు. నువ్వు లోపలికి పోతే పిల్లల్ని ఎవరు చూస్తారు, నన్నే పోనియ్యి అన్నాడు."

బాలస్వామి లాకప్‌లో రెండు రోజులుగా ఎందుకు నోరు విప్పలేదో ఇప్పుడు అర్థమైంది. చెయ్యని హత్యని, భార్య చేసిందనుకుని, తన నెత్తిన వేసుకున్నాడు. భార్యేమో తను చేశాననుకుంటోంది. ఆ ఇద్దరి అమాయకత్వానికి నాకు కోపమూ వచ్చింది, జాలీ వేసింది.

డాక్టర్ మాధురి ఎప్పుడొచ్చిందో గుమ్మంలో నిలబడి ఉంది. యాభై ఏళ్ల మనిషి, మెడలో స్టెతస్కోపుతో అలాగే వచ్చి స్టూలు మీద కూర్చుంది. "ముగ్గురా? నేను ఒక్క మనిషే అనుకున్నాను. జ్వరం తగ్గి మళ్లీ తిరగబెడుతోందనుకున్నాను. ఆరు, పది, పద్నాలుగు... సరిగ్గా నాలుగేసి రోజులు. అమ్మా, కోటిరత్నం పడుకుంటే ఎవరు చూసుకున్నారు?"

"సైదాబీ."

"సైదాబీని?"

"రాహేలమ్మేనమ్మా."

డాక్టరు స్టూలు మీంచి లేచింది. "లక్ష్మీకాంత్ గారూ, ఇది విషం కాదు. మనిషి నుంచి మనిషికి అంటుకుంటోంది. నేను చూసిన జ్వరాల్లో ఏదీ ఇలా చెయ్యదు. ఏదో కొత్త వైరస్. మూడు చీటీలు మూడు పేర్లతో వచ్చుంటే పదో తారీఖునే పట్టుకునేదాన్ని. లిడియా చెప్పినప్పుడైనా వినాల్సింది."

"మిగిలిన సీరం ఫ్రిజ్‌లో ఉందండి. పదిహేను రోజుల దాకా పారబోయను," అంది లిడియా.

"ఐస్‌లో సర్దు. పుణె వైరస్ ల్యాబుకి పంపుదాం. జిల్లా ఆరోగ్యాధికారికి నేను ఫోన్ చేస్తాను. మీరు ఆ ముఠా కదలకుండా చూడండి, లక్ష్మీకాంత్ గారూ. రాహేలమ్మకి పద్నాలుగున జ్వరం. ఆమెని చూసుకున్నవాళ్లకి ఇవాళో రేపో మొదలవుతుంది. వాళ్లు నాలుగూళ్లకీ చెదిరిపోతే నేనేం చెయ్యలేను."

లిడియా పుల్లమ్మ చెయ్యి పట్టుకుంది. "ఎలాగూ వచ్చావు, మిగతా పరీక్షలు కూడా చేసేస్తాను."

"నాకేం? బానే ఉన్నా. ముందు ఆయన్ని బయటికి తీసుకురండి," అని పుల్లమ్మ చెయ్యి లాక్కుంది. నేను కూడా టైము లేదని కసురుకుని ఆమెని నా వ్యాను ఎక్కించాను.

దారిలో అడిగాను. "రాహేలమ్మని ఎవరు చూసుకున్నారు?"

"అందరం చూశాం అయ్యా," అని ఆమె కిటికీలోంచి బయటికి చూసింది.

పదకొండూ ముప్పై ఐదుకి చేను చేరాం. ఎనిమిది గుడిసెలు, ఎనిమిదీ ఖాళీ. రాళ్ల పొయ్యిలో బూడిద ఇంకా వెచ్చగా ఉంది. కల్లంలో ఎండుమిర్చి పట్టాల మీద ఎర్రగా పరిచి ఉంది కానీ తిరగేసే మనిషి లేడు. రైతు బుల్లయ్య తలగుడ్డ విప్పుకుంటూ ఎదురొచ్చాడు.

"ముఠా ఏదండీ?"

"ఇప్పుడేనండీ, పదకొండింటికి లారీ ఎక్కించా. సి.ఐ. గారు పంపించెయ్యమన్నారు."

ఆ సి.ఐ. గారు కూడా అక్కడే ఉన్నారు. చైతన్యకృష్ణా నేనూ ఒకే బ్యాచ్‌లో ఎస్సైలుగా చేరాం. వాడు పైకెళ్లాడు, నేను బయటికెళ్లాను. ఎక్కడ కలిసినా ఆ సంగతి గుర్తుచెయ్యకుండా ఉండలేడు.

"ఏరా, ఇంకా డిటెక్టివు వేషం వదల్లేదా?"

"లారీ ఎందుకు వదిలావు?"

"వాంగ్మూలాలు అయిపోయాయి. ఇంకా ఎందుకురా వాళ్లు?"

"వాళ్లలో అంటుజబ్బుంది. ముగ్గురూ దాంతోనే పోయారు. రక్తంలో పురుగుమందు లేదని ల్యాబు రిపోర్టులున్నాయి."

లిడియా రాసిచ్చిన కాగితాలు జేబులోంచి తీసిచ్చాను. చదివి నవ్వాడు. "అన్నీ పుల్లమ్మ పేరున్నాయి. ఆమె నీ వెనకే గుండ్రాయిలా నిలబడి ఉంది. బతికున్నదాని రక్తం చూపించి చచ్చినవాళ్ల కేసు కొట్టేయమంటావా?"

చీటీ సంగతి చెప్పాను. రక్తం గ్రూపుల సంగతి చెప్పాను. వినేకొద్దీ వాడి మొహంలో చిరాకు ఎక్కువైంది. "ముద్దాయి పెళ్లాం చెప్పింది, నువ్వు నమ్మావు. ల్యాబు పిల్ల గ్రూపు తప్పు రాసుంటుంది. ఎవడు చేస్తాడ్రా అన్ని పరీక్షలు?"

వాడితో వాదించి లాభం లేదు. "నీ డబ్బా ఏదీ?" అన్నాను.

చివరి గుడిసె పక్కన ఇటుకల మీద ఉంది. ఐదు లీటర్ల ప్లాస్టిక్ డబ్బా, పైభాగం కోసేసి ఉంది, మీద పుర్రె బొమ్మ సగం చెరిగిపోయింది. ఫోరెన్సిక్ వాళ్లు ఇవాళ వస్తారని కదపకుండా పదహారు నుంచీ ఒక కానిస్టేబుల్‌ని కాపలా పెట్టాడు. ఆ జాగ్రత్త వాడికి మొదటినుంచీ ఉంది, కాదనను. ఒంగి చూశాను. అడుగున జానెడు నీళ్లున్నాయి. ఆ నీళ్లలో ఏదో కదిలింది.

"బాజీ, ఈ డబ్బాలో నువ్వు నీళ్లు పోశావా?" అని కానిస్టేబుల్‌ని అడిగాను.

"అమ్మో, లేదు సార్. ముట్టుకోవద్దన్నారు గదా."

"ఎవరైనా పోశారా?"

"రాత్రీ పగలూ నేనూ ఇంకొకాయనా ఇక్కడే ఉన్నాం సార్. ఎవర్నీ రానియ్యలా."

"చైతన్యా, ఇటు రా. ఒంగి చూడు."

చూశాడు. నీళ్లలో దోమపురుగులు యాభై దాకా ఉంటాయి, గిలగిలా తిరుగుతున్నాయి.

"అవి అంత అవడానికి వారం పడుతుంది," అన్నాను. "అంటే సైదాబీ పోయిన రోజు ఉన్నాయి, రాహేలమ్మ పోయిన రోజూ ఉన్నాయి. మనుషుల్ని చంపే పురుగుమందు పురుగుల్ని వదిలేసిందా?"

డబ్బాలోకి ఇంకోసారి ఒంగి చూశాడు. లేచేసరికి గొంతు మారింది కానీ మాట మారలేదు. "సాయంత్రం ఐదింటికి ప్రెస్ మీట్ పెట్టానురా. ఎస్పీగారికి చెప్పేశాను. ఇప్పుడు దోమలని చెప్పమంటావా? నీ వాదన జడ్జిగారి ముందు చెప్పుకో."

"సరే, ప్రెస్ మీట్ పెట్టుకో. లారీ ఒక్కటి ఆపించు. వైర్‌లెస్‌లో ఒక్క మాట చెప్పు."

"ఏ సెక్షన్ కింద ఆపమంటావు? జ్వరం వచ్చిందనా?"

"పోనీ బాలస్వామిని వేరే గదిలో పెట్టు. అతను కూడా ఆ ముఠాలోవాడే. లాకప్‌లో ఎంతమంది ఉన్నారు?"

"పేకాటలో దొరికినవాళ్లు తొమ్మిది మంది. వాళ్లకి నేను ఎయిర్‌కండిషన్ గదులివ్వాలా? పో, పోయి నీ పని చూసుకో." అని జీపు వైపు నడిచాడు. రెండడుగులు వేసి ఆగి, చేతులు రెండూ ప్యాంటుకి తుడుచుకున్నాడు. భయం పట్టుకుందని నాకు తెలిసింది. భయపడి కూడా ఒప్పుకోని మనిషిని ఏం చెయ్యాలో నాకు ఇప్పటికీ తెలియదు.

బుల్లయ్య వ్యాను దాకా పరుగెత్తుకొచ్చాడు. "లారీ డ్రైవరు రంజానండీ. అద్దంకి దాటగానే దాబా దగ్గర భోజనానికి ఆగుతాడు. తిన్నాక ఓ కునుకు తీస్తేగానీ కదలడు. ఎళ్లండి, దొరుకుద్ది."

ఆ వ్యాను జన్మలో అంత వేగంగా పోయి ఉండదు. పుల్లమ్మ పక్కసీట్లో కొంగు కప్పుకుని, కళ్లు మూసుకుని పెదవులు కదిలిస్తూ కూర్చుంది. ప్రార్థన చేసుకుంటోందనుకుని పలకరించలేదు. నాకు ప్రార్థన కూడా రాదు. యాక్సిలరేటరు మీంచి కాలు తియ్యలేదు.

ఒంటిగంటకి ఐదు నిమిషాలుండగా లారీ కనిపించింది. దాబా పక్కన తుమ్మచెట్ల కింద ఆగి ఉంది. కూలి కింద ఇచ్చిన మిరపకాయల బస్తాల మీద ఆడా మగా ఒకరి మీద ఒకరు ఒరిగి కూర్చున్నారు. వ్యాను దిగి లారీ తలుపు పట్టుకుని పైకెక్కి అరిచాను.

"పుల్లమ్మ చీటీ ఎవరెవరు వాడారు?"

ఒక ముసలమ్మ నన్ను చూసి మొహం తిప్పుకుంది.

"జ్వరం ఎవరికుంది? చెప్పండి! చెప్పకపోతే చచ్చిపోతారు!"

అది నా తెలివితక్కువతనం. ఖాకీ బట్టలు తీసేసి ఆరేళ్లయినా గొంతులో ఖాకీ పోలేదు. పిల్లల్ని దగ్గరికి లాక్కున్నారు. డ్రైవరు రంజాన్ మంచం మీంచి లేచొచ్చి ఏంటి గొడవ అన్నాడు.

పుల్లమ్మ నా పక్కనుంచి లారీ ఎక్కింది. ఎక్కుతుంటే కాళ్లు వణికాయి, ఎవరో చెయ్యందించారు. బస్తాల మధ్య నిలబడింది.

"అమ్మలారా, నా చీటీ కాదంట వాళ్లని చంపింది. నా మందులూ కాదంట. మనకి తెలీని జొరమంట. డాక్టరమ్మ చెప్పింది. చీటీ వాడినందుకు ఎవర్నీ లోపలెయ్యరు. ఇంటికి పోతే ఇంట్లో వాళ్లకంటుద్ది. పిల్లలకంటుద్ది. జొరం ఉన్నోళ్లు చెయ్యెత్తండి. నా మీద ఒట్టు, చెయ్యెత్తండి."

ముసలమ్మ, నన్ను చూసి మొహం తిప్పుకున్నావిడే, మెల్లగా చెయ్యెత్తింది. ఆమె వెనక ఇంకో ఇద్దరు. క్యాబిన్ దగ్గర దుప్పటి కప్పుకుని పడుకున్న ఒక పడుచు చేతిని పక్కావిడ పట్టుకుని పైకెత్తింది. మగాళ్లలో ఒకడు, వాడి తమ్ముడు. నేను వేళ్లతో లెక్కపెడుతున్నాను. రిజిస్టరులో మూడు. ఇక్కడ ఆరు, ఏడు. తొమ్మిది దగ్గర ఆగింది.

జేబులోంచి డైరీ తీశాను. తొమ్మిది అని రాశాను.

"పది రాసుకోండయ్యా," అంది పుల్లమ్మ.

తలెత్తి చూశాను. ఆమె కుడిచెయ్యి పైకెత్తి ఉంది.

"ఎప్పటినుంచి?"

"నిన్న మాపటేళ నుంచి. రాహేలమ్మ తల నా ఒళ్లో పెట్టుకునే పోయిందయ్యా."

"పొద్దున్నించి నా పక్కనే ఉన్నావు. ఒక్క మాట చెప్పొచ్చు కదా!"

"చెప్తే నన్ను మంచంలో పడేసి, ఆయన సంగతి వదిలేస్తారని చెప్పలా." తూలి బస్తా మీద కూర్చుంది. "పొద్దున ఏడింటికి స్టేషనుకి అన్నం పట్టుకెళ్లా. ఆయన చేతులకి బేడీలున్నై. నేనే కలిపి ముద్దలు పెట్టా. నువ్వూ తింటేగానీ నేను తిననన్నాడు. ఒకే పళ్లెంలో తిన్నాం."

నేను లారీ దిగి దాబా దగ్గరికి పరుగెత్తాను. సెల్‌ఫోన్‌కి సిగ్నల్ లేదు. దాబా కౌంటరు మీదున్న ఫోన్ లాక్కుని చైతన్యకృష్ణకి కలిపాను. మూడోసారికి ఎత్తాడు.

"బాలస్వామిని కోర్టుకి పంపొద్దు. అతన్ని వేరుగా ఉంచు. నీ లాకప్‌లో ఉన్నవాళ్లెవర్నీ కదలనివ్వొద్దు. చైతన్యా, నీ కాళ్లు పట్టుకుంటాను."

ఈసారి వాడి గొంతులో సి.ఐ. లేడు. "జడ్జిగారు మధ్యాహ్నం ఊరెళ్తున్నారని కబురొచ్చిందిరా. పన్నెండింటికే పెట్టించేశాను. పదిమందికీ రిమాండు. అందర్నీ ఒకే వ్యానులో గుంటూరు జైలుకి పంపించి గంట కావస్తోంది. ఈపాటికి లోపలికి తీసుకునుంటారు."

గడియారం ఒంటిగంటా ఇరవై. ఆ జైల్లో ఎన్ని వందల మంది ఉంటారో అడగబోయి మానేశాను. డాక్టర్ మాధురి నంబరు తిప్పుతూ వెనక్కి చూశాను. పుల్లమ్మ ఎవరి భుజమో పట్టుకుని లారీ దిగి నా వైపు నడిచొస్తోంది. నేను ఫోన్‌లో మాట్లాడటం చూసింది. మొహం జ్వరంతో ఎర్రబడింది, కళ్లలో మాత్రం ఆశ ఉంది.

"సి.ఐ. గారేనా అయ్యా? ఆయన్ని వదిలేశారా?" అని అడిగింది.